తుఫాను బెజవాడకూ వస్తుంది, వెలుగు మాత్రం రాదు

2024 మే 11 ఉదయం. పోలింగ్‌కు ఇంకా రెండు రోజులే ఉంది. ఎన్నికల వీడియోలతో నిండిపోయిన ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపుల్లోకి ఉన్నట్టుండి గులాబీ, ఆకుపచ్చ రంగుల ఆకాశం ఫొటోలు వచ్చి పడ్డాయి. పంపింది అమెరికాలో ఉంటున్న కొడుకులు, కూతుళ్లు, మనవలు. ఉత్తరాన ఉండే రాష్ట్రాల నుంచి వస్తే ఆశ్చర్యం లేదు కానీ, ఎండలకు పేరుపడ్డ టెక్సాస్, ఫ్లోరిడాల్లోనూ ఆ రాత్రి ధ్రువకాంతులు (అరోరా) కనిపించాయి. మరి విజయవాడలోనో గుంటూరులోనో డాబా ఎక్కితే ఎందుకు కనిపించలేదన్న ప్రశ్న ఆ ఫొటోల వెనకే వచ్చింది. అప్పటి నుంచి పెద్ద సౌర తుఫాను వార్త వచ్చినప్పుడల్లా అదే ప్రశ్న మళ్లీ వస్తోంది. దానికి రెండు రకాల జవాబులు తిరుగుతున్నాయి. ఈ రాత్రి ఆంధ్రలోనూ ఆకాశం రంగులు మారుతుందని ఊరించే వీడియోలు ఒక రకం. అదంతా ధ్రువాల దగ్గరి వ్యవహారం, మనకు సంబంధం లేదని కొట్టిపారేసే మాటలు ఇంకో రకం. రెండూ తప్పే. మొదటి దాని వల్ల ఒక రాత్రి నిద్ర పోతుంది, అంతే. రెండోది నిజంగా జరుగుతున్న దాన్ని కళ్లకు కనపడకుండా చేస్తుంది కాబట్టి దానితోనే ఎక్కువ నష్టం.

ముందు ఆ మే నెలలో జరిగిందేమిటో చూడాలి. సూర్యుడి మీద 3664 అని నంబరు ఇచ్చిన ఒక మచ్చల గుంపు కొన్ని రోజుల వ్యవధిలో ఒకదాని వెనక ఒకటిగా భారీ ప్లాస్మా మేఘాలను, అంటే విద్యుదావేశం ఉన్న కణాల మేఘాలను, భూమి వైపు విసిరింది. వెనక బయల్దేరినవి ముందువాటిని అందుకుని వాటితో కలిసిపోయాయి. మన టైము ప్రకారం మే 10 రాత్రి పదిన్నర ప్రాంతంలో ఆ దెబ్బ భూమి అయస్కాంత క్షేత్రానికి తగిలింది. తుఫానుల తీవ్రతను జీ1 నుంచి జీ5 దాకా లెక్కిస్తారు. ఆ రాత్రిది జీ5. 2003 అక్టోబరు తర్వాత ఆ స్థాయి రావడం అదే మొదటిసారి.

డాలస్, హాన్లే ఒకే గీత మీద

ధ్రువకాంతి ఎక్కడ పడాలో నిర్ణయించేది మ్యాపులో కనిపించే అక్షాంశం కాదు, భూమి అయస్కాంత ధ్రువాలను బట్టి లెక్కించే అయస్కాంత అక్షాంశం. విద్యుదావేశం ఉన్న కణాలు అయస్కాంత బలరేఖల వెంట కిందికి దిగుతాయి. కాబట్టి అయస్కాంత ధ్రువాల చుట్టూ ఒక ఉంగరంలా ఏర్పడిన ప్రాంతంలోనే వెలుగు పుడుతుంది. తుఫాను పెరిగేకొద్దీ ఆ ఉంగరం వెడల్పై భూమధ్యరేఖ వైపు జరుగుతుంది. అయితే భూ అయస్కాంత ధ్రువం సరిగ్గా భౌగోళిక ధ్రువం మీద లేదు. కెనడా వైపు ఒరిగి ఉంది. ఆ ఒరుగుడు అమెరికాకు కలిసొచ్చింది, మనకు ఎదురుతిరిగింది.

దీనికి అందరికీ తెలిసిన ఊరే ఉదాహరణ. తెలుగువాళ్లు వేల సంఖ్యలో స్థిరపడిన డాలస్ 32.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. లద్దాఖ్‌లో భారత ఖగోళ పరిశోధనశాల ఉన్న హాన్లే కూడా దాదాపు అదే గీత మీద ఉంది. కానీ అయస్కాంత అక్షాంశం లెక్కేస్తే డాలస్‌ది సుమారు 41 డిగ్రీలు, హాన్లేది సుమారు 24. అంటే ఒకే గీత మీద ఉన్న రెండు ఊళ్లలో ఒకటి మధ్య అక్షాంశాల్లో, రెండోది ఉష్ణమండలం అంచున ఉన్నట్టు లెక్క. ఇక 16.5 డిగ్రీల మీదున్న విజయవాడ, దానికి కాస్త దక్షిణాన ఉన్న గుంటూరు అయస్కాంత లెక్కలో ఎనిమిది డిగ్రీల దగ్గరే ఆగిపోతాయి. అయస్కాంత భూమధ్యరేఖ తమిళనాడులోని తిరునెల్వేలి సమీపం నుంచి వెళుతుంది. మనం దానికి అంత దగ్గర.

మే 10 అర్ధరాత్రి దాటాక హాన్లేలోని ఆకాశ కెమెరాలు ఉత్తర దిగంతం మీద ఎర్రటి కాంతిని పట్టుకున్నాయి. అక్కడ ఎత్తు సుమారు 4,500 మీటర్లు, గాలి పొడి, చుట్టూ ఊళ్ల దీపాల వెలుగు దాదాపు లేదు. దేశంలో ఆకాశం చూడటానికి అంతకంటే మంచి చోటు దొరకడం కష్టం. అక్కడ కూడా అది కొండల పైన సన్నటి ఎరుపుగానే తేలింది. టెక్సాస్ ఫొటోల్లోలా తలమీద తెరలు తెరలుగా ఆడలేదు. కెమెరా అంత బాగా పట్టిన ఎరుపు మనిషి కంటికి అంత తేలిగ్గా అందదు కూడా. చీకట్లో మన కంటికి ఎరుపు గుర్తుపట్టే శక్తి బాగా తక్కువ.

దూరాన ఉన్నవాళ్లకు ఎరుపే ఎందుకు కనిపిస్తుందనే దానికి కారణం ఎత్తులో ఉంది. ఆకుపచ్చ కాంతి 100 నుంచి 150 కిలోమీటర్ల ఎత్తులో పుడుతుంది. ఎరుపు అంతకు పైన, 200 కిలోమీటర్లు దాటాక. రెండూ ఆక్సిజన్ పరమాణువులు ఇచ్చేవే. తేడా ఏమిటంటే, ఎరుపు వెలుగు విడుదల చేయడానికి పరమాణువుకు దాదాపు రెండు నిమిషాలు పడుతుంది. ఈలోగా ఇంకో అణువు వచ్చి గుద్దుకుంటే ఆ శక్తి వెలుగుగా మారకుండానే పోతుంది. కింద గాలి చిక్కగా ఉంటుంది కనుక అక్కడ ఎరుపుకు అవకాశం లేదు. పైన గాలి దాదాపు లేనంత పలచన, అందుకే అక్కడ ఎరుపు బతుకుతుంది. ఎత్తులో ఉన్నది దూరం నుంచి కనిపిస్తుంది. కింది ఆకుపచ్చ భూమి వంపు చాటుకు వెళ్లిపోయాక కూడా పై ఎరుపు మిగులుతుంది.

ఇక్కడ కాస్త లెక్క వేసుకుంటే విజయవాడ సంగతి తేలిపోతుంది. 400 కిలోమీటర్ల ఎత్తులో ఉన్న వెలుగు దిగంతం మీద గీతలా తగలాలంటే అది చూసేవారికి దాదాపు 2,200 కిలోమీటర్ల లోపు ఉండాలి. అంటే కారకోరం పర్వతాల పైన ఎర్రకాంతి వెలిగితే, లెక్క ప్రకారం విజయవాడ వాళ్లకు ఉత్తరాన నేలకు ఆనుకుని కనిపించాలి. నేలకు ఆనుకుని ఇక్కడ ఏం కనిపిస్తుందో తెలిసిందే. వాయవ్యాన కొండపల్లి కొండలు, ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం వెలుగు, హైవే దీపాలు, వేసవిలో తేమ, చలికాలంలో గడ్డి కాల్చిన పొగ. వీటన్నిటికీ పైన, దిగంతం నుంచి పది డిగ్రీల ఎత్తున కనిపించాలంటే ఎర్రకాంతి సుమారు 1,350 కిలోమీటర్ల దూరానికి దిగిరావాలి. విజయవాడకు ఉత్తరంగా అంత దూరం వెళితే ఢిల్లీ ఉన్న అక్షాంశం వస్తుంది. ఢిల్లీ నడినెత్తిన ధ్రువకాంతి ఆడే రోజున బెజవాడ డాబాల మీద ఎర్రటి మసక కనిపించవచ్చు. 2024 తుఫాను ఆ దరిదాపులకు కూడా రాలేదు.

అసలు అంత దూరం ఎప్పుడైనా వచ్చిందా అంటే, వచ్చింది. 1872 ఫిబ్రవరి 4 రాత్రి బొంబాయిలో ధ్రువకాంతి కనిపించినట్టు అప్పటి పత్రికల్లో రాశారు. బొంబాయి అయస్కాంత అక్షాంశం పది డిగ్రీల దగ్గర, మనకంటే ఒకటి రెండు డిగ్రీలే ఎక్కువ. అదే సమయంలో బొంబాయి, ఏడెన్ మధ్య సముద్రం అడుగున వేసిన టెలిగ్రాఫ్ తీగ కూడా సరిగ్గా పనిచేయలేదు. కాబట్టి కృష్ణా తీరంలో ధ్రువకాంతి అసాధ్యం అని ఎవరైనా అంటే అది చరిత్రకు నిలవని మాట. కాకపోతే ఆ స్థాయి తుఫాను గడిచిన 150 ఏళ్లలో వేళ్ల మీద లెక్కపెట్టేంత అరుదు. పైగా 1872 నాటి రాత్రికీ ఇప్పటి రాత్రికీ పోలిక లేదు. అప్పుడు ఏ ఊరికైనా కరెంటు దీపం తెలియదు. ఇప్పుడు బందరు రోడ్డు మీద నిలబడితే సప్తర్షి మండలం ఏడు చుక్కలూ వెతుక్కోవాలి.

ఫోన్లో అరోరా యాప్ పెట్టుకున్నవాళ్లకు వచ్చే అలర్టులను కూడా ఈ వెలుగులోనే చదవాలి. కేపీ సూచీ 8 అయింది, బయటికెళ్లి చూడండి అని యాప్ చెబుతుంది. తుఫాను తీవ్రతను చూపే ఆ సూచీని సున్నా నుంచి తొమ్మిది దాకా ఇస్తారు. 13 పరిశీలన కేంద్రాల కొలతలతో అది తయారవుతుంది. వాటిలో ఎక్కువ భాగం ఐరోపా, ఉత్తర అమెరికాల్లో ఉన్నాయి. అంటే అది మధ్య, ఎగువ అక్షాంశాల వారికి ఉపయోగపడే సంఖ్య. అది తొమ్మిదికి చేరినా గుంటూరు ఆకాశం గురించి ఏమీ చెప్పదు. తొమ్మిది దాటి ఇంక అంకె కూడా లేదు కాబట్టి మామూలు పెద్ద తుఫానుకూ 1872 లాంటి దానికీ తేడా ఆ యాప్‌లో తెలియదు.

తుఫాను రాత్రుల్లో ఇక్కడి నుంచి పోస్ట్ అయ్యే ఎర్రటి ఫొటోల సంగతి వేరు. వాటిలో ఎక్కువ భాగం మేఘాల మీద పడి తిరిగొచ్చిన ఊరి దీపాల కాంతే. ఫోన్ నైట్ మోడ్ కొన్ని సెకన్ల వెలుగును ఒకచోట చేర్చి రంగును పెంచేసరికి మామూలు మసక కూడా వింతగా కనిపిస్తుంది. ఇంకో అవకాశం ఉంది, అది తెలుసుకోదగినది. నాగార్జునసాగర్ దాటాక నల్లమల వైపో, బాపట్ల దగ్గర సూర్యలంక తీరంలోనో నిజమైన చీకటి దొరికినప్పుడు ట్రైపాడ్ మీద ఎక్కువసేపు ఎక్స్‌పోజర్ ఇస్తే ఫొటోలో పలచటి ఆకుపచ్చ లేదా ఎర్రటి పొర రావచ్చు. దాన్ని ఎయిర్‌గ్లో అంటారు. పగలంతా ఎండ తిన్న పై వాతావరణం రాత్రి తనంతట తాను ఇచ్చే కాంతి అది. అందులోనూ ఆ ఆక్సిజన్ రంగులే ఉంటాయి, అందుకే పొరపాటు పడతారు. దానికి సౌర తుఫానుతో పని లేదు, ఏ రాత్రయినా ఉంటుంది.

కనపడకుండా వచ్చేది

ఇప్పుడు అసలు విషయం. మే 10 రాత్రి ఉత్తరాన ఆకాశం రంగులు మారుతున్నప్పుడు విజయవాడ మీది అయస్కాంత క్షేత్రం కూడా మారింది. తుఫాను సమయంలో భూమికి కొన్ని వేల కిలోమీటర్ల నుంచి కొన్ని పదివేల కిలోమీటర్ల దూరంలో, అయస్కాంత భూమధ్యరేఖ చుట్టూ కణాలు పెద్ద విద్యుత్ ప్రవాహంగా తిరుగుతాయి. ఆ వలయ ప్రవాహం సృష్టించే క్షేత్రం భూమి క్షేత్రానికి ఎదురుగా పనిచేసి దాన్ని కాస్త తగ్గిస్తుంది. ఈ తగ్గుదల శుభ్రంగా కనిపించేది ధ్రువాల దగ్గర కాదు, మన వంటి దిగువ అక్షాంశాల్లో. మన ప్రాంతంలో క్షితిజ సమాంతర క్షేత్రం సుమారు 40 వేల నానోటెస్లాలు (క్షేత్రం బలాన్ని కొలిచే ప్రమాణం). ఆ రాత్రి డీఎస్‌టీ అనే ప్రపంచవ్యాప్త తుఫాను సూచీ మైనస్ 400 నానోటెస్లాలు దాటి పడిపోయింది. అంటే మన క్షేత్రంలో దాదాపు ఒక శాతం.

ఒక శాతమేనా అనిపించవచ్చు. కానీ తుఫాను ఎంత పెద్దదో చెప్పే ముఖ్యమైన కొలత ఆ ఒక శాతం నుంచే వస్తుంది. ఆ సూచీని లెక్కించే నాలుగు కేంద్రాలు హోనొలులు, శాన్ హువాన్, దక్షిణాఫ్రికాలోని హెర్మానస్, జపాన్‌లోని కాకియోకా. ఒక్కటి కూడా ధ్రువకాంతులకు పేరున్న ఊరు కాదు. చరిత్రలో అతి పెద్దదిగా చెప్పుకునే 1859 సెప్టెంబరు తుఫానుకు మిగిలిన అమూల్యమైన రికార్డు కూడా మన దేశానిదే. బొంబాయి కొలాబా పరిశీలనశాలలో ఆ రోజు క్షేత్రం సుమారు 1,600 నానోటెస్లాలు ఒక్కసారిగా పడిపోయినట్టు నమోదు చేశారు. ఐరోపాలో చాలాచోట్ల సూది గ్రాఫు హద్దు దాటి వెళ్లిపోయింది. కొలాబాలో దగ్గర కూర్చుని చూసి రాసుకున్న అంకెలు నిలిచాయి. తర్వాత ట్రామ్‌ల కరెంటు వల్ల కొలతలు పాడవుతాయని 1904లో ఆ పనిని అలీబాగ్‌కు మార్చారు. అక్కడ ఇప్పటికీ నడుస్తోంది. మనకు దగ్గర్లో హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకు కూడా అయస్కాంత పరిశీలనశాల ఉంది. తుఫాను వచ్చిందా లేదా అని తెలుసుకోవాలనుకునే తెలుగు విద్యార్థి చూడాల్సింది ఉత్తర దిక్కును కాదు, ఆ గ్రాఫును.

దీనికంటే రోజువారీ పనులకు దగ్గరైన దెబ్బ ఐనో ఆవరణానికి, అంటే పై వాతావరణంలో ఎలక్ట్రాన్లు విడిగా తిరిగే పొరకు, తగులుతుంది. అయస్కాంత భూమధ్యరేఖకు సమీపంలో ఉండటం ఇక్కడ మనకు భారమే. పగటిపూట తిరునెల్వేలి మీద ఎలక్ట్రాన్ల పొర పైకి లేచి, బలరేఖల వెంట రెండు పక్కలకూ జారి, ఉత్తరాన అహ్మదాబాద్, భోపాల్, కోల్‌కతా గీత దగ్గర పోగవుతుంది. విజయవాడ, గుంటూరు ఆ లేచే చోటికీ పోగయ్యే చోటికీ మధ్యలో ఉన్నాయి. మామూలు రోజుల్లోనే ఇక్కడి ఆకాశంలో ఎలక్ట్రాన్ల సాంద్రత ఊరికీ ఊరికీ, గంట గంటకూ మారిపోతుంది. జీపీఎస్ సిగ్నల్ ఆ పొరను దాటుకునే రావాలి. పొర మందంగా ఉంటే సిగ్నల్ ఆలస్యమవుతుంది, ఆలస్యం మేరకు దూరం లెక్క తప్పుతుంది. ఒకే ఫ్రీక్వెన్సీ వాడే పరికరంలో ఆ తప్పు పదుల మీటర్లకు వెళ్లగలదు.

తుఫాను సమయంలో ధ్రువ ప్రాంతాల విద్యుత్ క్షేత్రం క్షణాల్లో భూమధ్యరేఖ దాకా చొరబడుతుంది. అది పగలు వస్తే పొరను మామూలు కంటే చాలా ఎత్తుకు లేపుతుంది. సూర్యాస్తమయం వేళ వస్తే ఇంకో సమస్య: పొర అడుగు నుంచి ఎలక్ట్రాన్లు తక్కువగా ఉన్న బుడగలు పైకి లేస్తాయి. వాటి గుండా వచ్చే సిగ్నల్ మిణుకుమిణుకుమంటూ బలం కోల్పోతుంది, రిసీవర్ ఒక్కో శాటిలైట్‌నే వదిలేస్తుంది. వేరే వేళల్లో వచ్చే తుఫాను కొన్నిసార్లు ఆ బుడగలను రానివ్వకుండా కూడా చేస్తుంది. కాబట్టి తుఫాను ఎంత బలమైనదో తెలిస్తే చాలదు, మన గడియారంలో ఏ గంటకు వచ్చిందో కూడా తెలియాలి. 2024 మే విషయంలో మనం బయటపడింది ఇందువల్లే. ప్రధానమైన దెబ్బ మే 11 తెల్లవారుజామున, ఐనో ఆవరణం ఇంకా పూర్తిగా ఏర్పడని వేళ తగిలినందున భారత్ మీద ప్రభావం తక్కువగా ఉందని ఇస్రో విశ్లేషించింది. అదే సాయంత్రం ఏడింటికి వచ్చి ఉంటే కథ వేరుగా ఉండేది.

అమెరికాలో సరిగ్గా ఆ రోజుల్లో మొక్కజొన్న విత్తే సీజన్. సెంటీమీటర్ల కచ్చితత్వంతో నడిచే ట్రాక్టర్ల జీపీఎస్ గతి తప్పి చాలామంది రైతులు పని ఆపుకోవాల్సి వచ్చింది. గుంటూరు మిర్చి తోటల్లో మందు కొట్టే డ్రోన్లు, రాష్ట్రంలో భూముల రీసర్వేకు వాడిన రోవర్లు (పొలంలో నిలబెట్టి కొలిచే జీపీఎస్ పరికరాలు) ఆధారపడేది అదే తరహా సిగ్నళ్ల మీద. పొలం గట్టు దగ్గర నాలుగంగుళాల తేడాకే ఊళ్లో పంచాయితీలు నడుస్తాయి. రోవర్‌కు ఫిక్స్ (కచ్చితమైన స్థానం) రావట్లేదు, వచ్చినా నిలబడట్లేదు అని సర్వే సిబ్బంది విసుక్కున్న రోజున పరికరాన్ని తిట్టేముందు అంతరిక్ష వాతావరణం ఎలా ఉందో చూడటం అలవాటు కావాలి. ఆ అలవాటు మన శిక్షణల్లో ఉండి తీరాలి. విమానాల కోసం ఇస్రో, విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి నిర్మించిన గగన్ వ్యవస్థ ఈ ఐనో ఆవరణపు తప్పును సరిదిద్దడానికే ఎక్కువ శ్రమపడుతుంది.

కరెంటు గురించి భయాలు కూడా వినిపిస్తుంటాయి. 1989 మార్చి 13న కెనడాలోని క్యూబెక్‌లో 60 లక్షల మందికి సుమారు తొమ్మిది గంటల పాటు కరెంటు పోయిన మాట నిజం. నేలలో పుట్టే ఆ ప్రవాహాలు ధ్రువకాంతి ఉంగరం కింద ఉన్న ప్రాంతాల్లో అత్యంత బలంగా ఉంటాయి. మన దగ్గర వాటి బలం చాలా తక్కువ. సౌర తుఫాను వచ్చి బెజవాడలో కరెంటు పోతుందని టెన్షన్ పడాల్సిన పనిలేదు.

ముందుగా ఎంత తెలుస్తుంది

శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న బయల్దేరిన ఆదిత్య ఎల్1 నాలుగు నెలలకు, 2024 జనవరి 6న, భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలోని తన కక్ష్యకు చేరింది. మే తుఫానును అది సౌరగాలిలోనే పసిగట్టి నమోదు చేసింది. అంత దూరంలో కాపలా ఉన్నా, మేఘం అక్కడి నుంచి భూమిని చేరడానికి పట్టేది అరగంట, మహా అయితే గంట. సూర్యుడి దగ్గర పేలుడు కనిపించాక ఒకటి నుంచి మూడు రోజుల టైము ఉంటుంది. కానీ అప్పుడు తెలియని ముఖ్యమైన సంగతి ఒకటుంది. వచ్చే మేఘంలో అయస్కాంత క్షేత్రం ఏ దిక్కుకు తిరిగి ఉంది? భూమి క్షేత్రం భూమధ్యరేఖ వద్ద ఉత్తరానికి చూస్తుంది. మేఘానిది దక్షిణానికి తిరిగి ఉంటే రెండూ కలిసి తెగి, శక్తి లోపలికి దూరుతుంది. ఉత్తరానికే తిరిగి ఉంటే ఎంత పెద్ద మేఘమైనా చాలావరకు పక్కనుంచి జారిపోతుంది. ఆ దిక్కు కచ్చితంగా తెలిసేది ఆ చివరి అరగంటలోనే. ‘రేపు రాత్రి ధ్రువకాంతులు’ అని ముందురోజే తేల్చి చెప్పే హెడ్డింగులను ఇందుకే నమ్మకూడదు.

ఉపగ్రహాలకు ఆ అరగంట కూడా పెద్దగా ఉపయోగపడదు. తుఫానుకు పై వాతావరణం వేడెక్కి ఉబ్బుతుంది, తక్కువ ఎత్తులో తిరిగేవాటికి ఈడ్పు పెరుగుతుంది. ఇస్రో లెక్క ప్రకారం కార్టోశాట్ 2ఎఫ్ మామూలుగా రోజుకు 35–40 మీటర్లు కిందికి దిగేది, 2024 మే 11న 180 మీటర్లు దిగింది. 2022 ఫిబ్రవరిలో వచ్చిన ఒక చిన్న తుఫానుకే అప్పుడే ప్రయోగించిన 49 స్టార్‌లింక్ ఉపగ్రహాల్లో 40 దాకా రాలిపోయాయి.

సూర్యుడి మీద మచ్చలు పెరిగి తగ్గే ప్రస్తుత సౌర చక్రం 2019 డిసెంబరులో మొదలై, 2024లో శిఖరానికి చేరింది. శిఖరం దాటింది కదా అని తీసిపారేయడానికి లేదు. గత చక్రాల్లో పేరుమోసిన తుఫానులు కొన్ని దిగుడు దశలోనే వచ్చాయి. 2003 అక్టోబరు, నవంబరు నెలల తుఫానులు శిఖరం గడిచాక వచ్చినవే. ఏడాదిలో చూస్తే మార్చి, సెప్టెంబరు చుట్టుపక్కల నెలల్లో తుఫానులు ఎక్కువ. మన ఆకాశంలో సాయంత్రపు బుడగలు ఎక్కువగా లేచేదీ ఆ నెలల్లోనే. ఇక్కడి ఇంజనీరింగ్ కాలేజీల్లో ఆసక్తి ఉన్నవాళ్లకు అది మంచి అవకాశం. జీపీఎస్, మన దేశపు నావిక్ శాటిలైట్ల సిగ్నల్ బలాన్ని చూపించే ఉచిత యాప్ ఉన్న మామూలు ఆండ్రాయిడ్ ఫోను చాలు. రాత్రి ఏడున్నర నుంచి పదకొండు దాకా డాబా మీద, గోడలకు దూరంగా, ఫోనును కదపకుండా పెట్టి రికార్డు చేయాలి. ప్రశాంతమైన రోజున దాదాపు తిన్నగా సాగే గీతల్లో దక్షిణం వైపు ఉన్న శాటిలైట్లవి రెండు మూడు ఒకేసారి పైకీ కిందికీ ఊగడం మొదలుపెట్టి, కొంతసేపటికి నడినెత్తిన ఉన్నవాటివీ ఊగితే, ఆ డాబా మీదుగా ప్లాస్మా బుడగ వెళుతున్నదని అర్థం. ఆ రికార్డును హైదరాబాద్, అలీబాగ్‌ల అయస్కాంత గ్రాఫుల పక్కన పెట్టి, తుఫాను రోజులనూ మామూలు రోజులనూ వేరు చేసి చూడాలి.